సీడీ రైటర్ మొరాయించినప్పుడు: డ్రైవ్ మార్చే ముందు వరుసగా చూడవలసినవి

ఇంట్లోని కంప్యూటర్‌కు ఉన్న సీడీ లేదా డీవీడీ రైటర్ ఉన్నట్టుండి సీడీలు రాయడం మానేస్తే, రిపేరు దుకాణంలో సాధారణంగా వినిపించే మాట "డ్రైవ్ పోయింది, కొత్తది వేయించుకోండి" అన్నదే. నిజంగా డ్రైవే పాడైన సందర్భాలు లేకపోలేదు. అయితే ఖాళీ సీడీ నాణ్యత, రైటింగ్ వేగం, విండోస్ సెట్టింగులు, వదులైన కేబుల్, దుమ్ము పట్టిన లెన్స్ ఇవన్నీ చూసిన తరువాతే డ్రైవ్‌ను అనుమానించడం న్యాయం. పెళ్లి వీడియోలు, పాత కుటుంబ ఫొటోలు, ఆసుపత్రివారు సీడీలో ఇచ్చిన స్కాన్లు ఇంకా ఎన్నో ఇళ్లలో బీరువాల్లో ఉన్నాయి. వాటికి మరో కాపీ తీసుకోవాలన్నా, పాత కారు స్టీరియోకు పాటల సీడీ చేసుకోవాలన్నా ఈ డ్రైవ్ కావాలి. అందుకని పైసా ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టి, స్క్రూడ్రైవర్ పట్టవలసిన పనులను చివరికి వదిలే క్రమంలో ఈ సూచనలను ఇస్తున్నాను. ఆ క్రమాన్ని మార్చకుండా పాటించండి.

మొదటి పని: లోపం ఎక్కడుందో తేల్చుకోవడం

"పనిచేయడం లేదు" అన్న ఒక్క మాట వెనుక నాలుగైదు వేర్వేరు లోపాలు ఉండవచ్చు. వాటిని విడదీయడానికి నాలుగు డిస్కులు దగ్గర పెట్టుకోండి: దుకాణంలో కొన్న పాటల సీడీ ఒకటి, కొన్న సినిమా డీవీడీ ఒకటి, ఇంట్లో ఇదివరకు రాసిన సీడీ ఒకటి, ఖాళీ సీడీ ఒకటి. ఒక్కొక్కదాన్ని ట్రేలో పెట్టి, అర నిమిషం ఆగి, కంప్యూటర్ దాన్ని గుర్తించిందో లేదో కాగితం మీద రాసుకోండి. ఆ అర నిమిషంలో డ్రైవ్ చేసే చప్పుడును కూడా గమనించండి. డిస్కు తిరగడం మొదలై, ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతున్నదంటే లెన్స్ డిస్కు మీద దృష్టి నిలుపుకోలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నదని అర్థం.

ఇప్పుడు ఫలితాలను చదవండి. దిస్ పీసీ కిటికీలో డ్రైవ్ గుర్తే కనిపించకపోతే లోపం కేబుల్‌లోనో కరెంటు సరఫరాలోనో విండోస్‌లోనో ఉంటుంది. కొన్న సీడీలు చదువుతూ, ఇంట్లో రాసినవాటిని మాత్రం చదవకపోతే లెన్స్ మీద దుమ్ము పట్టిందనో లేజర్ బలహీనపడిందనో అనుకోవాలి. ఎందుకంటే ఫ్యాక్టరీలో అచ్చువేసిన సీడీ తన మీద పడిన కాంతిలో కనీసం 70 శాతం వెనక్కి పంపుతుంది; ఇంట్లో రాసిన సీడీలో కాంతి రంగు పూత గుండా పోయి రావాలి కనుక డ్రైవ్‌కు పని కష్టమవుతుంది; పదేపదే చెరిపి రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూ అయితే 15 నుంచి 25 శాతమే వెనక్కి పంపుతుంది. డీవీడీలు చక్కగా చదువుతూ సీడీలను అసలు గుర్తించకపోవడం మరొక స్పష్టమైన లక్షణం. డీవీడీ డ్రైవ్‌లో సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్ విడివిడిగా ఉంటాయి. వాటిలో ఒకటి చచ్చిపోయి రెండవది బతికి ఉండవచ్చు. లెన్స్ శుభ్రం చేసిన తరువాత కూడా ఈ లక్షణం మారకపోతే విండోస్‌లో ఎన్ని సెట్టింగులు మార్చినా ఉపయోగం లేదు, డ్రైవ్ మార్చుకోవలసిందే.

అన్ని డిస్కులనూ చదువుతూ రాయడం దగ్గర మాత్రం ఆగిపోవడం వీటన్నింటిలోకీ మామూలుగా ఎదురయ్యేది. ఆ స్థితిలో ఉన్నవారు ముందుగా డ్రైవ్ ముఖం మీద ముద్రించిన గుర్తును చూడాలి. డీవీడీ-రామ్ (DVD-ROM) డ్రైవ్ చదవడానికి మాత్రమే పనికివస్తుంది. ఒకప్పుడు కాంబో డ్రైవ్ పేరుతో అమ్మినవి సీడీలను రాయగలవు గాని డీవీడీలను చదవడమే తప్ప రాయలేవు. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొన్నవారు ఈ ఒక్క విషయం చూసుకోక రోజుల తరబడి తంటాలు పడుతుంటారు.

రెండవ పని: ఖాళీ సీడీని పరీక్షించడం

సీడీ-ఆర్ అంటే ప్లాస్టిక్ బిళ్ల, దానిమీద లేజర్ వేడికి మారే రంగు పూత, దానిమీద కాంతిని తిప్పిపంపే లోహపు పొర, ఆపైన పలుచని లక్క, లేబుల్. ఆ రంగు పూత ఎండకూ వేడికీ పాడవుతుంది. ఖాళీ సీడీలు కొనేవారు తగ్గిపోయిన ఈ రోజుల్లో దుకాణంలో ఏళ్ల తరబడి గాజు అలమరలో ఎండ తగులుతూ పడి ఉన్న సరుకు మీ చేతికి వచ్చే అవకాశం చాలా ఉంది. కాబట్టి ఒకే డబ్బాలోని సీడీలు వరుసగా పాడైతే, అదే డబ్బాలోంచి మరొకటి తీసి ప్రయత్నించడం మానండి. వేరే కంపెనీ సీడీలు రెండో మూడో విడిగా కొని చూడండి. డిస్కు మారగానే రైటింగ్ సాఫీగా సాగితే మీ డ్రైవ్‌కు ఏ రోగమూ లేదు.

పాడైపోయిన సీడీని వెంటనే చెత్తబుట్టలో వేయవద్దు, అది మీకు గట్టి సాక్ష్యం. మెరిసే వైపు మీకు కనబడేలా పట్టుకుని, ట్యూబ్‌లైట్ కాంతి దానిమీద వాలుగా పడేటట్టు మెల్లగా వంచి చూడండి. రాత లోపలి అంచునుంచి బయటికి సాగుతుంది కనుక, లేజర్ రాసినంత మేర వలయంలాంటి పట్టీ కాస్త వేరే ఛాయలో, సాధారణంగా ముదురుగా, కనిపిస్తుంది. దానికీ ఖాళీ భాగానికీ మధ్య సన్నని గీత గీసినట్టు తేడా ఉంటుంది. పట్టీ కనిపించిందంటే లేజర్‌కు రాసే శక్తి ఉన్నదన్నమాటే; అప్పుడు వేగాన్నో కేబుల్‌నో సాఫ్ట్‌వేర్‌నో అనుమానించాలి. పట్టీ సగం దూరం వచ్చి ఆగిందంటే మధ్యలో ఏదో అంతరాయం కలిగింది. పట్టీ ఛాయే లేకపోతే, రాత మొదలుకాకముందే డ్రైవ్ చేతులెత్తేసింది.

ఈ చివరి స్థితిలో తెరమీద తరచుగా వచ్చే సందేశం "పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్". రాయడం మొదలుపెట్టే ముందు ప్రతి రైటర్ డిస్కు లోపలి అంచున ఇందుకోసం కేటాయించిన చోట లేజర్‌ను ఎక్కువ తక్కువల్లో వెలిగించి, ఆ డిస్కుకు ఎంత శక్తి సరిపోతుందో చూసుకుంటుంది. ఏ శక్తి దగ్గరా సరైన ఫలితం రాకపోతే ఈ సందేశం ఇచ్చి ఆగిపోతుంది. దీనికి ముఖ్యమైన కారణాలు మూడు: డిస్కు నాసిరకం కావడం, లెన్స్ మీద దుమ్ము ఉండడం, లేజర్ ముసలిదైపోవడం. పరీక్షను కూడా ఆ వరుసలోనే చేయాలి.

మూడవ పని: వేగం తగ్గించడం

సీడీ డబ్బా మీద 52ఎక్స్ అని ముద్రించి ఉన్నంత మాత్రాన ఆ వేగంతో రాయనవసరం లేదు. 1ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు. 52ఎక్స్‌లో డిస్కు నిమిషానికి సుమారు 10,000 చుట్లు తిరుగుతుంది. పాతబడిన డ్రైవ్‌కు అది భారం. రైటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 16ఎక్స్ లేదా 24ఎక్స్‌కు తగ్గించండి. 16ఎక్స్‌లో 80 నిమిషాల సీడీ దాదాపు 5 నిమిషాల్లో పూర్తవుతుంది, అది పెద్ద ఆలస్యమేమీ కాదు. డీవీడీకి 8ఎక్స్ మంచి వేగం. అలాగని మరీ 2ఎక్స్, 4ఎక్స్‌కు దిగజార్చడం కూడా మంచిది కాదు. ఇప్పటి డిస్కుల రంగు పూతను ఎక్కువ వేగాలకు తగినట్టుగా తయారుచేస్తారు కనుక, అంత నెమ్మదిగా రాస్తే ఫలితం చెడిపోయే సందర్భాలు ఉన్నాయి.

ఇదే సందర్భంలో ఒక హెచ్చరిక. మధ్య రంధ్రం దగ్గర సన్నని బీట కనిపించిన డిస్కును, ఎంత విలువైన వీడియో అందులో ఉన్నా, డ్రైవ్‌లో పెట్టవద్దు. పైన చెప్పిన వేగంలో అది ముక్కలై డ్రైవ్ లోపలి భాగాలన్నిటినీ ధ్వంసం చేయగలదు.

నాలుగవ పని: విండోస్‌ను సరిచేయడం

ముందు స్థలం సంగతి చూడండి. రాయవలసిన ఫైళ్లను విండోస్ ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో పోగుచేసుకుని ఆ తరువాత డిస్కుకు పంపుతుంది. అందువల్ల సీ డ్రైవ్‌లో సీడీకి కనీసం 1 జీబీ, డీవీడీకి 5 జీబీ పైగా ఖాళీ ఉండాలి. ఇదివరకు సగంలో వదిలేసిన ఫైళ్లు ఆ ఫోల్డర్‌లో మిగిలిపోయి కొత్త రాతకు అడ్డుపడుతుంటాయి. డ్రైవ్ గుర్తును తెరిచి, రాయడానికి ఎదురుచూస్తున్న ఫైళ్ల జాబితాలోని తాత్కాలిక ఫైళ్లను తొలగించండి. డీవీడీ మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటర్ లెక్కలో అది సుమారు 4.38 జీబీయే. కంపెనీ 470 కోట్ల బైట్లను పదుల లెక్కన చూపిస్తే, విండోస్ 1024 చొప్పున భాగిస్తుంది. 4.5 జీబీ వీడియోను డిస్కు తిరస్కరించడంలో తప్పేమీ లేదు.

ఖాళీ డిస్కు పెట్టగానే విండోస్ ఒక ప్రశ్న అడుగుతుంది: పెన్‌డ్రైవ్‌లాగా వాడతారా, సీడీ లేదా డీవీడీ ప్లేయర్ కోసం వాడతారా అని. మొదటిది ఎంచుకుంటే డిస్కు మీ కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది గాని చాలా ప్లేయర్లలో తెరుచుకోదు. ఇతరులకు ఇచ్చే డిస్కుకు, దాచుకునే డిస్కుకు రెండవదాన్నే ఎంచుకోండి. పాత కారు స్టీరియో కోసమైతే అది కూడా సరిపోదు. పాటలను ఆడియో సీడీ రూపంలో రాయాలి, మొత్తం నిడివి 80 నిమిషాలు దాటకూడదు. స్టీరియో ముఖం మీద ఎంపీ3 గుర్తు ఉంటేనే ఎంపీ3 ఫైళ్లున్న డేటా సీడీని అది చదువుతుంది. "నా రైటర్ రాసిన సీడీ కారులో పాడడం లేదు" అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి కారణం ఇక్కడే దొరుకుతుంది.

ఇంకా విండోస్ ఎక్స్‌పీ నడుస్తున్న పాత కంప్యూటర్ ఉన్నవారు మూడు చోట్ల చూడాలి. డ్రైవ్ ప్రాపర్టీస్‌లోని రికార్డింగ్ ట్యాబ్‌లో సీడీ రికార్డింగ్‌ను అనుమతించే గడిలో టిక్కు ఉండాలి. సర్వీసుల జాబితాలో ఐమాపి సీడీ-బర్నింగ్ సర్వీసు డిసేబుల్ అయి ఉండకూడదు. డివైస్ మేనేజర్‌లో సెకండరీ ఐడీఈ ఛానెల్‌ను తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రస్తుత ట్రాన్స్‌ఫర్ మోడ్ (డేటా పంపే పద్ధతి) వేగమైన డీఎంఏ అని ఉందో పీఐఓ అని ఉందో చూడాలి. కేబుల్ లోపాలవల్ల వరుసగా తప్పులు దొర్లితే ఎక్స్‌పీ తనంతట తాను నెమ్మదైన పీఐఓకు దిగిపోతుంది, మళ్లీ పైకి రాదు. అప్పుడు ఆ ఛానెల్‌ను అక్కడే అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి డీఎంఏలో పెడుతుంది.

డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ పేరు పక్కన పసుపుపచ్చ త్రికోణం, లోపల కోడ్ 19, 31, 32, 39, 41లలో ఏదైనా కనిపిస్తే, చాలాసార్లు అది ఏదో ఒక రైటింగ్ సాఫ్ట్‌వేర్‌ను తీసేసినప్పుడు మిగిలిపోయిన అవశేషం. ముందు డ్రైవ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేసి చూడండి. అయినా పోకపోతే విండోస్ లోపలి సెట్టింగులను మార్చే రిజిస్ట్రీ ఎడిటర్‌ను తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ అనే ఫోల్డర్ల వరుసలో దిగి, 4డి36ఈ965 అన్న అక్షరాలతో మొదలయ్యే ఫోల్డర్‌ను పట్టుకోవాలి. ఇక్కడ తొందర వద్దు. దానికి కాస్త కిందుగా 4డి36ఈ967 అని మొదలయ్యే మరొక ఫోల్డర్ ఉంటుంది, అది హార్డ్‌డిస్కులది; దాన్ని ముట్టుకుంటే కంప్యూటర్ ఆన్ కాకుండా పోయే ప్రమాదం ఉంది. చివరి అంకె 5 అవునో కాదో, కుడి వైపు క్లాస్ పేరు సీడీరామ్ అని ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచిన తరువాత, కుడి వైపున అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అన్న పేర్లు ఉంటే వాటిని మాత్రమే తొలగించి రీస్టార్ట్ చేయండి. ఆ తరువాత ఏదైనా రైటింగ్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోతుంది.

ఆఫీసు ఇచ్చిన కంప్యూటర్‌లో చదవడం మాత్రమే సాధ్యమై రాయడం నిరాకరిస్తుంటే, సంస్థవారు పాలసీ ద్వారా రైటింగ్‌ను ఆపి ఉండవచ్చు. దాన్ని మీరు తప్పించే ప్రయత్నం చేయకుండా అక్కడి సిస్టమ్స్ విభాగాన్ని అడగండి.

తప్పు విండోస్‌దా, డ్రైవ్‌దా అని ఇంకా తేలకపోతే నేను గట్టిగా సిఫారసు చేసే మార్గం ఒకటుంది. ఉబుంటు గాని లినక్స్ మింట్ గాని (విండోస్‌కు బదులుగా వాడే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు) పెన్‌డ్రైవ్‌లో వేసి, దానితో కంప్యూటర్‌ను బూట్ చేసి, బ్రసెరో లేదా కే3బీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక సీడీ రాసి చూడండి. అక్కడ రాత పూర్తయితే డ్రైవ్, కేబుల్, లేజర్ మూడూ నిర్దోషులు. విండోస్‌ను బాగుచేసుకుంటే చాలు. హార్డ్‌డిస్కులో ఒక్క అక్షరం మార్చకుండా ఇంత స్పష్టమైన తీర్పు ఇచ్చే పరీక్ష మరొకటి లేదు.

ఐదవ పని: కేబుళ్లు, కరెంటు

కంప్యూటర్‌ను ఆపి, గోడ దగ్గర ప్లగ్ తీసి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి చేత్తో తాకి, అప్పుడు పక్క మూత తీయండి. 2000 దశాబ్దం చివరి నుంచి వచ్చిన డ్రైవ్‌లకు వెనుక సన్నని సాటా కేబుల్, వెడల్పైన సాటా పవర్ కనెక్టర్ ఉంటాయి. రెండింటినీ రెండు చివర్లా ఊడదీసి తిరిగి గట్టిగా నొక్కిపెట్టండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్ల తేమ గాలికి కనెక్టర్ల లోహం మసకబారుతుంది. ఊడదీసి పెట్టడంలోనే ఆ పొర కాస్త రాలి సంబంధం కుదురుతుంది. అప్పటికీ డ్రైవ్ కనిపించకపోతే కొత్త సాటా కేబుల్ వేసి, మదర్‌బోర్డు మీద మరో సాకెట్‌కు మార్చి చూడండి.

అంతకుముందటి డ్రైవ్‌లకు 40 సూదుల వెడల్పాటి ఐడీఈ కేబుల్ ఉంటుంది. దాని ఎర్రగీత ఉన్న అంచు డ్రైవ్ పవర్ సాకెట్ వైపుకు ఉండాలి. ఒకే కేబుల్ మీద రెండు డ్రైవ్‌లు ఉంటే వెనుక ఉన్న జంపర్ (రెండు సూదులను కలిపే చిన్న ప్లాస్టిక్ తొడుగు) ఒకదానికి మాస్టర్, రెండవదానికి స్లేవ్ స్థానంలో ఉండాలి. రెండూ మాస్టర్‌గా ఉంటే ఒకటో రెండూనో కనిపించకుండా పోతాయి.

డిస్కును చదువుతూ రాతలో మాత్రం ఆగిపోతున్న డ్రైవ్‌కు కరెంటు చాలకపోవడం కూడా కారణం కావచ్చు, ఎందుకంటే రాసేటప్పుడు లేజర్‌కు చాలా ఎక్కువ శక్తి కావాలి. పాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) ఉన్నచోట దీన్ని గుర్తుంచుకోవాలి. యూఎస్‌బీతో తగిలించే పలుచని రైటర్లలో ఈ లోపం మరీ ఎక్కువ. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900. హబ్‌ను తీసేసి, డెస్క్‌టాప్ అయితే వెనుక వైపు పోర్టుకు, వీలైతే నీలిరంగు 3.0 పోర్టుకు నేరుగా తగిలించండి. రెండు యూఎస్‌బీ తలలున్న కేబుల్ ఇచ్చి ఉంటే రెండింటినీ తగిలించండి. కరెంటు పోతే రాస్తున్న సీడీ-ఆర్ ఇక పనికిరాదు కనుక, కోతలున్న వేళ యూపీఎస్ లేకుండా రైటింగ్ మొదలుపెట్టకపోవడమే మేలు.

ఆరవ పని: లెన్స్ శుభ్రం చేయడం

ల్యాప్‌టాప్ డ్రైవ్‌లలోనూ పలుచని యూఎస్‌బీ రైటర్లలోనూ లెన్స్ ట్రేలోనే ఉంటుంది, ట్రే తెరవగానే నీలిఛాయతో చిన్న గాజుబొట్టులా కనిపిస్తుంది. డెస్క్‌టాప్ డ్రైవ్‌లో అది లోపల ఉంటుంది కనుక, ముందు బ్రష్ ఉన్న క్లీనింగ్ సీడీతో ప్రయత్నించి, ఫలితం లేకపోతేనే డ్రైవ్‌ను బయటికి తీసి అడుగున ఉన్న నాలుగు స్క్రూలు విప్పాలి. ప్లగ్ తీయకుండా, మూత లేని డ్రైవ్‌కు కరెంటు ఇచ్చి లోపలికి తొంగిచూడడం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు. సీడీ లేజర్ కాంతి కంటికి దాదాపు కనిపించదు, కాని కంటిని దెబ్బతీస్తుంది.

శుభ్రం చేయడానికి ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది చుట్టిన పుల్ల చాలు. చేతుల శానిటైజర్ వాడవద్దు, అందులోని గ్లిజరిన్ లెన్స్ మీద జిడ్డుపొరగా మిగులుతుంది. గోళ్లరంగు తుడిచే ద్రవం అసలే వద్దు, చాలా డ్రైవ్‌ల లెన్స్ ప్లాస్టిక్‌ది కనుక అది శాశ్వతంగా మసకబారుతుంది. దూదిని తడిపి, పిండి, లెన్స్ మీద బరువు మోపకుండా ఒకటి రెండుసార్లు సున్నా చుట్టినట్టు తిప్పండి. లెన్స్ సన్నని తీగల మీద వేలాడుతూ ఉంటుంది, వేలితో కాస్త నొక్కితే కిందికి దిగుతుంది; ఆ తీగలు వంగితే డ్రైవ్ ఇక కోలుకోదు. పొడి పుల్లతో మరొకసారి తుడిచి, పావుగంట ఆరనిచ్చి మూత వేయండి.

ట్రే తెరుచుకోకపోతే కంప్యూటర్‌ను ఆపి, డ్రైవ్ ముఖం మీద ఉన్న సూదిబెజ్జంలో తిన్నగా సాగదీసిన జెమ్ క్లిప్పును గుచ్చి నెట్టండి, ట్రే కొద్దిగా బయటికి వస్తుంది. మాటిమాటికీ ఇలా చేయవలసి వస్తుంటే లోపల ట్రేను నడిపే చిన్న రబ్బరు బెల్టు సాగిపోయిందని అర్థం. అదే కొలత బెల్టు వేయించండి, మామూలు రబ్బరుబ్యాండు కొద్ది రోజుల్లోనే తెగుతుంది.

చివరి పని: మరమ్మతు నిలిచిందో లేదో చూడడం

ఏ మార్పుతో డ్రైవ్ దారికి వచ్చినా, మొదటి రాతను ముఖ్యమైన ఫైళ్లతో చేయకండి. సీడీ-ఆర్‌డబ్ల్యూ ఉంటే దానిమీద, లేకపోతే ఒక మంచి సీడీ-ఆర్ మీద మామూలు ఫైళ్లు నిండుగా రాసి, సాఫ్ట్‌వేర్‌లో రాసినదాన్ని సరిచూసే వెరిఫై గడిలో టిక్కు పెట్టండి. నిండుగా రాయమనడానికి కారణం ఉంది: బలహీనపడిన డ్రైవ్ లోపలి భాగాన్ని బాగానే రాసి, బయటి అంచు దగ్గర తప్పులు చేస్తుంది. ఆ డిస్కును మరొక కంప్యూటర్‌లో కూడా తెరిచి, చివరన ఉన్న పెద్ద ఫైలు ఒకదాన్ని కాపీ చేసి చూడండి. రెండు చోట్లా తెరుచుకుంటేనే పెళ్లి వీడియోల పని మొదలుపెట్టండి.

వేర్వేరు కంపెనీల డిస్కులు, తక్కువ వేగం, కొత్త కేబుల్, శుభ్రమైన లెన్స్, లినక్స్ పరీక్ష ఇవన్నీ అయిన తరువాత కూడా రాత నిలవకపోతే లేజర్ ఆయుష్షు తీరినట్టే. దాన్ని మార్పించడానికయ్యే ఖర్చుకు కొత్త యూఎస్‌బీ రైటర్ వస్తుంది కనుక కొత్తది కొనుక్కోండి. పాతదాన్ని ఇ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి, పిల్లల ఆటకు మాత్రం ఇవ్వకండి.

రాసిన సీడీ మీద పేరు వేయడానికి మెత్తని మొన ఉన్న సీడీ మార్కర్ వాడండి. సీడీలో లోహపు పొర లేబుల్‌కు సరిగ్గా కిందనే ఉంటుంది కనుక, బాల్‌పెన్ మొన గీరుకుంటే ఆ చోట ఉన్న డేటా ఏ డ్రైవ్‌కూ దొరకదు. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది, అక్కడ ఈ ప్రమాదం తక్కువ.